నిలవని కనుబొమ

కడపలో ఒక దినపత్రికలో పనిచేసినన్నాళ్లూ దయ్యాల వార్తలు నా బల్ల మీదికి వస్తే పక్కన పెట్టేసేవాణ్ణి. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు అని అడిగితే చాలు, ఆ వార్త అక్కడితో ఆగిపోయేది. ఇది కూడా ఆ ప్రశ్నలన్నీ వేసుకున్నాకే రాస్తున్నాను.

నేను పుట్టిన ఏడాదే అమ్మ పోయింది. ఆమె ఫొటో ఒక్కటి కూడా లేదు. అమ్మ ముఖం తెలియదన్న లోటు వయసుతో పాటు పెరిగిందే కానీ తగ్గలేదు.

రిటైరయ్యాక, మా వీధిలో డ్రాయింగ్ మాస్టారు పెద్దవాళ్లకు కొలాజ్ నేర్పుతుంటే చేరాను. ఎవరి ముఖం వాళ్లే చేసుకోవాలి. రంగు, గుడ్డ, కాగితం, ఏదైనా వాడొచ్చు. అతికించడం నాకు కొత్త కాదు. కంప్యూటర్లు రాకముందు పేజీలు అలాగే పెట్టేవాళ్లం, బ్లేడుతో కోసి, బంక రాసి. అద్దం ముందు పెట్టుకుని పాత పేపరు ముక్కలతో చెంపలు, టీ డికాక్షన్‌తో ఒంటి రంగు, చిరిగిన లుంగీతో చొక్కా చేశాను. కనుబొమలకు హెడ్డింగుల్లోని నల్లటి అక్షరాలు.

ఒక కనుబొమ మధ్యలో ముక్క మాత్రం నిలవలేదు. సాయంత్రం అతికిస్తే పొద్దున కింద పడి ఉండేది. బంక మార్చాను, కాగితం మార్చాను, పైన బరువు పెట్టాను. రెండో కనుబొమకూ అదే బంక, అదే కాగితం. అది చెక్కుచెదరలేదు. విసిగి, ఆ ఖాళీని అలాగే వదిలేసి గోడకు తగిలించాను.

ఒంటిమిట్టకు పోతూ నందికొట్కూరు నుంచి చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మకు చెల్లెలు. లోపలికి వస్తూనే పటం ముందు ఆగిపోయింది.

“మా అక్క బొమ్మ ఎవురు చేసిచ్చినారప్పా?”

“అది నేనే చిన్నమ్మా.”

“నీకు ఆ గాటు యాడుండాది? గడప నాపరాయికి కొట్టుకోని బొమ తెగింది మా అక్కకి. ఆడ మళ్లా ఎంటిక మొలవలే.”

ఏ పక్క అని అడిగాను, పాత అలవాటు. పటంలోని ఖాళీ మీదే వేలు పెట్టింది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదన్నాను.

“పేపరోనివి, ఊరందర్నీ అడిగినావు. నన్నడిగినావా? ఎట్ల సచ్చిపోయెనని అడుగుతారు గానీ, ఎట్లుండెనని ఎవురడిగినారు?”

ఆ పూటంతా అడిగాను. ముక్కు, గడ్డం, నవ్వితే ఒకవైపే లేచే పెదవి, అన్నీ అమ్మవేనట. చెవులు మాత్రం మా నాయనవంట. అవి బాగలేవంది.

బంక ఎండితే కాగితం లేస్తుందని నాకు తెలుసు. ఆ ఒక్కచోటే ఎందుకు లేచిందో ఇప్పటికీ తెలియదు. మాస్టారూ చెప్పలేకపోయారు. కారణం దొరక్కపోయినా, దొరికిన ముఖానికి నేను రుణపడి ఉన్నాను.

బయల్దేరేటప్పుడు చిన్నమ్మ నా వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి, “పోయొస్తానక్కా” అంది.