మీ నాయినది కాదు, నీది చెప్పు

అబిడ్స్‌లో కప్పులు, షీల్డులు అమ్మే శ్యామ్‌సుందర్‌కు ఒకటే పిచ్చి. తండ్రి నుంచి బిడ్డకు ఏదైనా వచ్చిందంటే ఒప్పుకోడు. ఆస్తి వస్తే రానీ అంటాడు, అది కాగితం కాబట్టి. విద్య, బలం, పేరు, హస్తవాసి మాత్రం ఎవరిది వాళ్ళే సంపాదించుకోవాలి. ఎదుటివాడు తాతముత్తాతల ఊసెత్తితే చాలు, "మీ నాయినది కాదు, నీది చెప్పు" అంటాడు.

నాంపల్లి స్టేషన్ ఎదుటి హోటల్లో యజమాని ఒకసారి గల్లాపెట్టె మీది ఫొటో చూపించి, "మా తాత కాలం నుంచి ఇదే చాయ్ సాబ్" అన్నాడు.

"మీ తాత చాయ్ మీ తాత పోసిండు. నీది నువ్వు పొయ్యి, తాగి చెప్త."

తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. "మీ తాత మంచిగనే పోసిండేమో" అన్నాడు.

ఎన్నికలప్పుడు ఒక యువకుడు దుకాణం మెట్లెక్కి చేతులు జోడించి, ఫలానావారి అబ్బాయినని చెప్పుకున్నాడు. "ఔనా. మరి నువ్వెవరు?" అని అడిగాడు శ్యామ్‌సుందర్. ఆ కుర్రాడు వెంటవచ్చినవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళకీ తెలియదు.

డాక్టరు, "మీ నాన్నగారికి షుగర్ ఉండేదా?" అంటే, "ఆయన షుగర్ ఆయన తీస్కపోయిండు. నాది నువ్వు చూడు" అన్నాడు.

ఆయన భార్య అనసూయ దీన్ని పెళ్ళిచూపుల నాడే చూసిందని నాతో చెప్పింది. "వంట నీకొచ్చా, మీ అమ్మకొచ్చా అని అడిగిండన్నా. ఇద్దరికీ రాదని చెప్పిన. ఖుష్ అయిపోయిండు."

ఇలాంటి మనిషి చేతిలో ఒక రాజ్యం ఉంది. ప్రతి ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే వేళకు దుకాణం పై గదిలో ఆట మొదలవుతుంది. శ్యామ్‌సుందర్ కథ చెబుతాడు. చుట్టూ కూర్చున్నవాళ్ళు అందులో వీరులూ మంత్రగాళ్ళూ అవుతారు. వేసిన బాణం తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నేను ఎనిమిదేళ్ళ కిందట మూడు వందల మాటల వార్త కోసం వెళ్ళాను. వార్త మర్నాడే వచ్చింది. నేనింకా వెళుతూనే ఉన్నాను.

ఆ రాజ్యంలోనూ వీరుల పిల్లలకు ఏ శక్తీ రాదు. సున్నా నుంచి మొదలు. మంత్రగాడి కొడుకు వేషం కట్టిన రవికిరణ్ బతిమాలాడు: "కనీసం అగ్గిపుల్ల లేకుండా దీపమన్నా ముట్టియ్యలేడా అంకుల్?"

"అగ్గిపెట్టె కొనుక్కోమను."

పాచిక మీద మాత్రం ఆయనకు దేవుడి మీదున్నంత గురి. పడింది పడినట్టే. దూకుతూ కాలు జారిన వీరుడు, ఆడుతున్నవాడి పుట్టినరోజైనా సరే, లోయలోకి పోవాల్సిందే.

ఈ రాజ్యంలో అందరికన్నా పెద్ద వీరుడు గోపాలరావు. రైల్వేలో ఉద్యోగం, సొంతూరు గుంటూరు వైపు. ఆయన ఆడే విలుకాడు చండకోదండుడి గురి, పాచిక దయవల్ల, పన్నెండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఈ ఏడు చండకోదండుడికి ముసలితనం వచ్చిందని గోపాలరావే ప్రకటించి, అతని కూతురి వేషానికి తన కూతుర్నే తీసుకొచ్చాడు. భవ్య ఇంటర్ రెండో ఏడు.

"గురి మటుకు తండ్రిదే రావాలండీ. పులి కడుపున పిల్లి పుడుతుందా?" అన్నాడు గోపాలరావు.

"పులి గూడ పుట్టంగనే వేటాడదు సార్. పాలు తాగుతది."

ఈ వాదన రెండు ఆదివారాలు సాగింది. పాపం ఒక రాకుమారి రెండు వారాలూ గుహలోనే ఉండిపోయింది. చివరికి రాజీ కుదిరింది. పాచిక ఒక్కసారి వేస్తారు. ఇరవై పడితే తండ్రి గురి కూతురికి వస్తుంది. ఏ ఒక్కటి తగ్గినా రాదు. కథ చెప్పేవాడే అట్టపెట్టె చాటున వేసి అంకె చదవడం మా ఆనవాయితీ.

ఆరోజు నేను శ్యామ్‌సుందర్ పక్కనే కూర్చున్నాను. గోపాలరావు కళ్ళు మూసుకున్నాడు. భవ్య చేతులు తొడల కింద పెట్టుకుని తండ్రి మొహమే చూస్తోంది. ముందున్న సమోసా ముట్టలేదు. పాచిక దొర్లి ఆగింది.

ఇరవై.

శ్యామ్‌సుందర్ దాన్ని చూశాడు. అట్టపెట్టె మీదుగా తండ్రీకూతుళ్ళ వైపు చూశాడు. "మూడు" అన్నాడు.

గోపాలరావు లేచాడు. "మీకు మొదట్నుంచీ ఇష్టం లేదండీ. పన్నెండేళ్ళు ఆడినందుకు నాకు బాగానే బుద్ధొచ్చింది" అని చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. భవ్య సమోసా తీసుకుని కొరికింది.

తర్వాత మూడు ఆదివారాలు గోపాలరావు రాలేదు. కూతురు మాత్రం వచ్చింది. విల్లు పట్టడం రాని వీరపుత్రికగా అందరి సంచులూ మోస్తూ హాయిగా ఉంది. శ్యామ్‌సుందర్‌కే కథ కుదరడం లేదు. మెట్ల మీద చప్పుడైతే చాలు, రాక్షసుణ్ణి సగంలో వదిలేసి గుమ్మం వైపు చూస్తున్నాడు.

ఓ సాయంత్రం ఆ తాతగారి చాయ్ హోటల్లోనే అడిగాను. "ఇరవై పడింది. నేను చూశాను. పిచ్చి అంత ముదిరిందా?"

ఆయన సాసర్‌లో చాయ్ ఊదుకున్నాడు. "మా నాయిన పేరు విన్నవా అన్నా? ఇంద్రసేన పహిల్వాన్. నాకు పద్నాలుగేండ్లకు లంగోటీ కట్టి కుస్తీ అఖాడల దించిండు. బస్తీ మొత్తం ఒచ్చిన్రు. పహిల్వాన్ కొడుకంట, పహిల్వాన్ కొడుకంట అని ఒకటే లొల్లి."

శ్యామ్‌సుందర్ ఇప్పటికీ నలభై ఎనిమిది కిలోలు. వానాకాలం కొంచెం ఎక్కువ.

"ఎంతసేపు నిలబడ్డావు?"

"తుమ్ము ఎంతసేపుంటది? గంతే. దెబ్బ ఫికర్ లేదు. దిగే ముందు నాయిన మొఖం జూసిన జూడు, గదే యాదికుంది. గా పిల్ల గూడ గట్లనే జూస్తుండె. డైస్ దిక్కు చూస్తలేదు. ఇరవై అంటే ఇగ జిందగీ మొత్తం గురి తప్పకుండ కొట్టాలె, ఆమె."

"గోపాలరావుకు చెప్పరాదూ?"

"ఏమని? నీ బిడ్డ నీకు భయపడుతుందనా? నా మీద కోపం ఉండనియ్యి. నాకేం బరువు."

నాలుగో ఆదివారం కథలో వంతెన రాక్షసుడు అడ్డొచ్చాడు. ఏడు మేకలిస్తే గాని దాటనివ్వడు. రవికిరణ్ అగ్గిపెట్టె తీశాడు. భవ్య వాణ్ణి ఆపింది.

"ఏడా? పక్క వంతెనాయన రెండే అడిగాడు."

"పక్క వంతెన యాడుంది?" అన్నాడు రాక్షసుడు, అంటే శ్యామ్‌సుందర్.

"సరే, అక్కడికే పోతాం. రండి అందరూ." నిజంగానే లేచి నాలుగడుగులు వేసింది.

"ఆగమ్మా, ఆగు. ఐదియ్యి."

"ఒక్కరు ఐదు మేకలు తింటారా? మిగిలినవి ఎక్కడ పెడతారు, ఎండాకాలం?"

"మూడు. నాకు పడదు ఇగ."

"కోడి. ఒక్కటే. పొద్దున్నే బోణీ బేరం, కాదనకండి."

రాక్షసుడు కోడి తీసుకున్నాడు. తీసుకున్నాక గాని తానేం చేశాడో వాడికి తెలియలేదు. గుమ్మం దగ్గర ఎవరో పగలబడి నవ్వారు. కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చిన గోపాలరావు, పై మెట్టు మీద, చేతిలో చెప్పులతో.

"ఇది మా వరలక్ష్మి పోలికండీ" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "కోఠిలో చీరలవాళ్ళు మా ఆవిణ్ణి చూస్తే షట్టర్ దించేస్తారు."

పోలిక అన్న మాట వినబడగానే అందరం శ్యామ్‌సుందర్ వైపు చూశాం. ఆయన భవ్య వైపు చూశాడు.

"నీదా అమ్మా, మీ అమ్మదా?"

"సగం సగం అంకుల్."

ఆయన అట్టపెట్టె పక్కకు జరిపి, పాచిక ఆమె చేతిలో పెట్టాడు. "అమ్మ సగానికి వెయ్యి. ఇరవై పడితే ఇస్త."

భవ్య వేసింది. పాచిక బల్ల దిగి, గచ్చు మీద దొర్లి, కప్పుల బీరువా కిందికి పోయింది. శ్యామ్‌సుందర్ బోర్లా పడుకుని, చెంప నేలకానించి లోపలికి చూశాడు.

"ఇరవై" అన్నాడు.

గోపాలరావు చెప్పులు బయట వదిలి, తన పాత చోట కూర్చున్నాడు. రవికిరణ్ తనూ చూస్తానని వంగబోయాడు. నేను వాడి చొక్కా పట్టుకుని ఆపాను.