కుడిచెయ్యి ఖాళీ లేని వంటవాడు

మమ్మల్ని దించిన చోటికి పేరు లేదు, వైర్‌లెస్‌లో మాత్రం దివి. నాగాయలంక నుంచి పడవలో దిగువకి వెళ్తే రెండు పక్కలా మడచెట్లు. అవి అయిపోయాక ఇసుకదిబ్బ. దిబ్బ అవతల సముద్రం. దిబ్బ మీద ఒక తాటాకు పాక, ఒక ఎత్తు మంచె. తాగే నీళ్ళు కూడా పడవలోనే రావాలి.

హుకుం ఇది: జపాను ఓడ కనబడితే వైర్‌లెస్‌లో బందరుకి చెప్పాలి. కనబడకపోతే కనబడలేదని పొద్దున ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ చెప్పాలి. ఉన్నది నలుగురం. హవల్దారు గారు, సిగ్నల్‌వాడు, వంటవాడు, నేను. యుద్ధానికి వెళ్ళొచ్చానంటే బర్మా అనుకుంటారు మీరంతా. నేను చేసిన యుద్ధం గుడివాడలో మా ఇంటికి ఒక్కరోజు ప్రయాణంలో జరిగింది.

సిగ్నల్‌వాడిది పెదపారుపూడి. పక్కపక్క ఊళ్ళవాళ్ళం కాబట్టి మొదటిరోజే బావా అంటే బావా అనుకున్నాం. అయినా వాడంటే నాకు కుళ్ళు. వాడు స్కూలు ఫైనలు దాకా చదివాడు. నేను నాలుగో తరగతిలోనే మేష్టారికి దణ్ణం పెట్టేశాను. వాడు నీడపట్టున స్టూలు మీద కూర్చుని, చెవులకి డొప్పలు తగిలించుకుని, బందరుతో మాట్లాడేవాడు. నేను రైఫిలు పట్టుకుని మంచె మీద, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు, సముద్రానికి కాపలా.

"బావా, ఆ డొప్పలు ఓసారి ఇటివ్వరా. బందరు లడ్డూలు పంపమంటాను."

"నీ గొంతు వింటే జపానువాడు దిగిపోయాడనుకుంటారు. మంచెక్కు."

వానలు మొదలయ్యాక వాడికి కామెర్లు పట్టుకున్నాయి. కళ్ళు పసుపు, గోళ్ళు పసుపు, పొట్ట ఉబ్బింది. బందరు నుంచి మిలిటరీ డాక్టరు పడవలో వచ్చి చూశాడు. హవల్దారు గార్ని బయటికి తీసుకెళ్ళి, కదిపితే దారిలోనే పోతాడు, ఇక్కడే ఉంచండి అన్నాడు. పాక గోడ తాటాకుది. మంచం మీద ఉన్నవాడు అంతా విన్నాడు.

"విన్నావా బావా? నాకు ట్రాన్స్‌ఫరు లేదట."

"సెలవు కోసం ఇంత నాటకమా? లే, లేచి మంచెక్కు," అన్నాను.

వాడు నవ్వాడు. నేను డ్యూటీ దిగినప్పుడల్లా అలాంటిదే ఒకటి వేసేవాణ్ణి. వాడు నవ్వేవాడు.

కుళ్ళు తగ్గిందనుకోకండి, పెరిగింది. ఉన్న ఒక్క మంచం వాడికి. హవల్దారు గారి ఉన్ని దుప్పటి వాడికి. పోనీ, అవి నాకక్కర్లేదు. నాకు కావలసింది వాడి పక్కన కూర్చునే చోటు. పక్క ఊరివాణ్ణి, బావని, అది నాది. వాడేమో కళ్ళు తెరిస్తే చాలు, "వంటవాడేడీ?" అనేవాడు.

వంటవాడు బందరు పక్క సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబంలోవాడు. నాకంటే చిన్నవాడు. మాటకారి కాదు, కబుర్లు రావు, పులుసు తప్ప వంట కూడా రాదు. ఊరికే కూర్చునేవాడు. నేను మంచె దిగి వచ్చేసరికి సిగ్నల్‌వాడి చెయ్యి వాడి చేతిలో ఉండేది.

సిగ్నల్‌వాడు చావుని కూడా డ్యూటీలాగే చేశాడు. వైర్‌లెస్ సెట్టు హవల్దారు గారు చూసుకుంటుంటే, వీడు మంచం మీంచి ఉత్తగాలికి రిపోర్టు ఇచ్చేవాడు.

"బందరు, బందరు, ఇది దివి. ఆకలి వెళ్ళిపోయింది. ఓవర్."

తరవాత కొన్నాళ్ళకి, "బందరు, ఇది దివి. రుచి కూడా పోయింది. వాసన ఉంది. పులుసు పొంగుతోంది, ముక్కుతో భోంచేస్తున్నాను. ఓవర్."

ఆ తరవాత, "పాదాల నుంచి కబురు లేదు. మోకాళ్ళు ఇంకా లైన్లో ఉన్నాయి."

"భయమెయ్యట్లేదా బావా?" అన్నాను.

"పొద్దున వేసింది. ఇంతలో వాన పడింది. వాన వింటూ భయపడ్డం కుదర్లేదు."

అదే వానలో నేను మంచె మీద తిట్టుకుంటూ తడిశాను. నా నెత్తిన పడ్డ వాన కూడా వాడికే దక్కిందని ఒళ్ళు మండింది.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగేశాను. "ఆ వంటవాడిలో ఏముందిరా? రోజూ నవ్విస్తున్నది నేను కదా?"

వాడికి ఊపిరి కూడగట్టుకోడానికి చాలాసేపు పట్టింది. "అదే బావా. నువ్వు జోకేస్తే నేను నవ్వాలి. నవ్వకపోతే నువ్వు బెంబేలు పడతావు. వాడి దగ్గర నాకా పని లేదు."

నా వంతు కాకపోయినా వెళ్ళి మంచెక్కాను.

ఆఖరి రోజున వాయుగుండం. తూర్పుగాలి. పడవలు ఆగిపోయాయి. సిగ్నల్‌వాడు మాట్లాడ్డం మానేశాడు. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. వంటవాడి కుడిచెయ్యి పొద్దుట్నుంచీ వాడి పిడికిట్లోనే ఉంది.

"వంటవాడికి కాస్త తిండి పెట్టవయ్యా," అన్నారు హవల్దారు గారు సెట్టు దగ్గర్నుంచి.

"చెయ్యి తీసుకో తమ్ముడూ. నేను పట్టుకుంటాను," అన్నాను. ఇన్నాళ్ళకి దొరికిన అవకాశం.

వంటవాడు మెల్లగా ఒక వేలు సడలించబోయాడు. పిడికిలి ఇంకా బిగిసింది.

"రావట్లేదన్నా."

చేసేదేముంది? కంచంలో అన్నం, పులుసు కలిపి వంటవాడి నోటికి ముద్ద అందించాను. మా ఇంట్లో పసిపిల్లలక్కూడా ఎప్పుడూ పెట్టి ఎరగను.

"పెద్ద ముద్దలన్నా."

"నోరు పెద్దది చేసుకో. ఈ పులుసు నీది, నేరం నాది కాదు."

ఆ మాట నేను వంటవాడితో అన్నాను. మంచం మీదవాడి పెదవి కదిలింది. నవ్వమని ఎవరూ అడగలేదు, అయినా కదిలింది.

ఇంకో ముద్ద పెట్టాను. ఊపిరి కోసం చూశాం. రాలేదు.

గాలి తగ్గాక పడవ వచ్చింది. పెదపారుపూడి నుంచి వాళ్ళన్నయ్య వచ్చాడు. నాగాయలంక దగ్గర ఏటి ఒడ్డున దహనం చేశాం. కొత్త సిగ్నల్‌వాడు వచ్చాడు. ఓడ రాలేదు. పోస్టు ఎత్తేశాక నేను గుడివాడ వచ్చేశాను. "ఎంతమందిని చంపారండీ?" అని అడుగుతుంటారు. నా పేరు విని జపానువాళ్ళు దారి మార్చుకున్నారని చెప్తాను.

చెప్పనిది ఒకటుంది. ఇంట్లో శవం ఉండగా మనం మెతుకు ముట్టం. ఆ ఊపిరి రానప్పుడు వంటవాడి నోట్లో నేను పెట్టిన ముద్ద ఉంది. బుగ్గ ఉబ్బి ఉంది. అన్నాన్ని ఉమ్మలేడు, మింగలేడు. చెయ్యి ఇంకా ఆ పిడికిట్లోనే ఉంది. ఏం చెయ్యమంటావన్నట్టు నావైపు చూశాడు.

"మింగు," అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"మింగరా తమ్ముడూ. నువ్వున్నావుగా."

ఆ పిడికిలి నా చేతికి రాలేదన్న కుళ్ళు నాకు ఇవాళ్టికీ ఉంది. కానీ కళ్ళు మూసుకుంటే కనబడేది పిడికిలి కాదు. వంటవాడి గొంతులో ఆ ముద్ద మెల్లగా, కష్టంగా, కిందికి దిగడం.