డ్రమ్ము ఖాళీ అయ్యే లెక్క

నేను గ్రూప్స్ పరీక్షకు చదువుతున్నానని ఇంట్లో అందరూ అనుకునేవారు. పైన గ్రూప్స్ పుస్తకం అట్ట, లోపల ఫిజిక్స్. ఆ ఆదివారం దాకా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇంటర్లో నాది బైపీసీ. లెక్కలు పదో తరగతితోనే ఆగిపోయాయి. నరసరావుపేటలో పాత పుస్తకాల కొట్లో కొన్న ఆ ఫిజిక్స్ పుస్తకమేమో రెండో అధ్యాయం నుంచే కాలిక్యులస్ అడిగింది. అందుకని పొద్దున కాలిక్యులస్, మధ్యాహ్నం ఫిజిక్స్. పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నానికి చాలేది కాదు. ఇంటిగ్రేషన్ గుర్తు కనిపించిన ప్రతి పేజీనీ మూల మడిచి దాటేసేదాన్ని. మడతలతో పుస్తకం ఉబ్బిపోయింది.

శనివారం ఒక మడత విప్పాను. తొట్టి అడుగున రంధ్రం ఉంటే నీళ్ళన్నీ పోవడానికి ఎంతసేపు పడుతుంది? మట్టం తగ్గేకొద్దీ ధార నెమ్మదిస్తుంది. కాబట్టి నీటిని పల్చటి పొరలుగా ఊహించుకుని, ఒక్కో పొర దిగడానికి పట్టే కాలాన్ని కూడాలి. ఆ కూడికే ఇంటిగ్రేషన్. అది అర్థమయ్యాక కూర్చోలేకపోయాను. గదిలో అటూ ఇటూ తిరిగాను. పెరట్లో మా నీళ్ళ డ్రమ్ముకు అడుగున కొళాయి ఉంది. సగం పోవడానికి ఎంత పడితే, మొత్తానికి దానికి దాదాపు మూడు పాయింట్ నాలుగు రెట్లు పట్టాలని తేలింది. డైరీలో రాసుకున్నాను: రేపు ఇది తప్పైతే పుస్తకం కొట్లో తిరిగి ఇచ్చేస్తాను.

ఆదివారం డ్రమ్ము కడిగే రోజు. కడిగేది నేనే. కొళాయికీ నీటి అంచుకీ సరిగ్గా మధ్యలో, లోపలివైపు మేకుతో గీత గీశాను. కొళాయి తిప్పి ఫోన్లో టైమర్ పెట్టాను. నీళ్ళు బెండ మొక్కల్లోకి పారాయి. గీత దగ్గరికి రావడానికి ఆరు నిమిషాలు.

అమ్మ అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"ఏందే, డ్రమ్ములో మొహం చూసుకుంటన్నావా?"

"సగం పోవడానికి ఆరు నిమిషాలు పట్టింది. మొత్తం పోవడానికి ఎంతసేపు పడుద్దమ్మా?"

"సగానికి ఆరైతే మొత్తానికి పన్నెండు. దీనికేమన్నా కాలేజీకి పోవాలా?"

"ఇరవై దాటుద్ది." నా గొంతు నాకే వినబడలేదు.

"గట్టిగా చెప్పు."

"ఇరవై దాటుద్ది."

"ఏడ్చినట్టుంది. దాటితే ఇయ్యాల డ్రమ్ము నేను కడుగుతా."

పన్నెండో నిమిషానికి అమ్మ వచ్చి తొంగిచూసింది. ఇంకా జానకు కాస్త తక్కువగా నీళ్ళున్నాయి. తిరిగి వెళ్ళి అరుగు మీద కూర్చోలేదు. పదిహేను. పద్దెనిమిది. ధార సన్నబడి కొళాయి మూతిని అంటుకుని జారుతోంది. ఇరవై. దారంలా వస్తూనే ఉంది. ఇరవై ఒకటి కావస్తుండగా చుక్కలయింది.

నా లెక్క ప్రకారం ఇరవైన్నర; దాదాపు అర నిమిషం తేడా. ఆ అర నిమిషం బహుశా ఇంకో మడతలో ఉంటుంది. గదిలో కూర్చుని కాగితం మీద రాసింది మా పెరట్లో జరిగింది.

"ఎట్టా తెలిసిందే నీకు?" అంది అమ్మ.

"ఒక పుస్తకంలో ఉంది. గ్రూప్స్‌ది కాదమ్మా."

అమ్మ నా మొహంలోకి చూసింది. కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నా చేతిలోని పీచు లాక్కుంది.

"మాటంటే మాటే. నేను కడుగుతాలే. నువ్వు పోయి చదువుకో, ఆ పుస్తకమేందో."