గోడకు ఆ పక్క కోళ్లు

పోయిన వారం ఆదోని మార్కెట్ యార్డులో పని ముగించుకుని బస్టాండుకు అడ్డదారిన నడుస్తుంటే ఒక సందులో వేపాకు కాలుతున్న వాసన తగిలింది. పచ్చి వేపాకును నిప్పుల మీద వేస్తే వచ్చే ఆ చేదు పొగ ముందు గొంతుకు తగులుతుంది, ముక్కుకు ఆ తరువాతే తెలుస్తుంది. ఒక ఇంటి ముందు గంప బోర్లించి ఉంది. దాని కింద నుంచి తెల్లటి పొగ వస్తోంది, లోపల కోళ్లు కదులుతున్నాయి. ఇంటావిడ చేటతో పొగను గంప కిందికి విసురుతోంది. ఆగి, "కోళ్లకు జలుబా తల్లీ?" అని అడిగాను. "అవునన్నా, గుర్రుగుర్రుమంటాండాయి" అంది. పొగ తీసేయమన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి "నువ్వేమన్నా గొడ్ల డాక్టరువా?" అంది. "కాదమ్మా, మా పక్కింటి పెద్దమ్మ చెప్పింది" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. బస్సెక్కి కూర్చున్నా ఆ నవ్వు పోలేదు, ఊరు చేరేదాకా ఆ పెద్దమ్మ, సువార్తమ్మ, నా పక్క సీట్లోనే ఉన్నట్టనిపించింది.

సువార్తమ్మను మీలో ఎవరూ చూసి ఉండరు. పెద్దకడుబూరు మండలంలోని మా ఊళ్లో ఆమె ఇల్లూ మా ఇల్లూ ఆనుకుని ఉండేవి, మధ్యలో ఛాతీ ఎత్తు రాతిగోడ. భర్త ముందే పోయాడు. కూతురిని కోడుమూరులో ఇచ్చింది. వయసులో ఉండగా చాలా ఏళ్లు ఆదోనిలో పత్తి మిల్లుకు పోయింది. గింజ తీసే మిషన్ల దగ్గర ఎగిరే నూగు పీల్చీ పీల్చీ ఊపిరి చెడింది. ఇక చేతకాక ఇంటి పట్టున ఉండి నాటుకోళ్లు పెంచుకునేది. గుడ్లు, పెట్టలు, పండగలకు పుంజులు, అదే ఆమె బతుకు. మరో ఆధారం లేదు, కూతురిని అడిగే అలవాటూ లేదు. నాలుగు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకోవాలి కాబట్టి ఆమె తిట్లు కూడా విడతలుగా వచ్చేవి. సగం తిట్టు తిట్టి, ఊపిరి తీసుకుని, మిగిలిన సగం తిట్టేది. ఆ మధ్యలో పారిపోదామనుకున్నవాళ్లకు "ఉండు, అయిపోలేదు" అని చెయ్యి చూపేది.

నా సంగతి రెండు మాటల్లో చెప్పాలి. ఏడో తరగతితో బడి మానేసి, యార్డులో కాటా దగ్గర బస్తాలు మోస్తూ, తూకం చెప్పేవాళ్ల నోళ్లు చూసి లెక్కలు నేర్చుకున్నాను. ఇప్పుడు అదే కాటా దగ్గర తూకాలు చెబుతున్నాను. కనపడిన ప్రతిదానికీ ఒక అంకె తగిలించందే నాకు తోచదు. చేను చూస్తే దిగుబడి, గోడ చూస్తే రాళ్లు. సువార్తమ్మ కోళ్ల దగ్గర మాత్రం ఈ అలవాటు సాగలేదు. కోళ్లను పైకి ఎంచితే తరిగిపోతాయని మా వైపు చాలామందికి నమ్మకం. ఆమెకు మరీ పట్టుదల. "నీకెన్ని కోళ్లున్నాయి పెద్దమ్మా?" అని అడిగితే "ఉండాల్సినన్ని ఉండాయి పో ఈరన్నా, నీ కాటా యార్డులో పెట్టుకో" అనేది.

కొన్నేళ్ల కిందట, వానలు వెనకబడిన ఏడు, మా ఇంట్లో కోళ్లు తగ్గిపోయి మూడు పెట్టలు మిగిలాయి. ఎమ్మిగనూరు సంతకు పోయి ఆరు పెట్టలు కొన్నాను. కాళ్లు కట్టి, బండి హ్యాండిలుకు తలకిందులుగా వేలాడదీసి, దుమ్ములో ఊరిదాకా తెచ్చాను. అందరూ తెచ్చేది అలాగే. కొత్త కోళ్లు ఇంటికి వస్తే మా వైపు ఒక పద్ధతి ఉంది. మొదటి రోజు పొద్దుగూకేవేళ వాటిని పాత కోళ్లతో ఒకే గంప కింద మూస్తారు. చీకట్లో ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటే తెల్లారేసరికి పొత్తు కుదురుతుందని, పొడుచుకోవని అనుకుంటారు. నా భార్య గోవిందమ్మ గంప ఎత్తి పట్టుకుంది, నేను కాళ్ల తాళ్లు విప్పుతున్నాను. గోడ మీద రెండు మోచేతులు ఆనించి సువార్తమ్మ చూస్తోంది.

"ఆగు గోవిందమ్మా. కలపాకు" అంది.

"పొడుసుకుంటాయి గదా పెద్దమ్మా, కలపకుంటే?"

"పొడుసుకుంటే ఈకలు పోతాయి. అది... ఆ నల్లది, ముక్కు మూసుకపోయి నోటితో పీలుస్తాంది సూడు. ఇంటాండావా?"

మేమిద్దరం చెవులు రిక్కించాం. మాకేమీ వినపడలేదు. "నీ ఊపిరే వినపడుతోంది పెద్దమ్మా" అన్నాను. "నా ఊపిరి నాకు తెలీదా? నాది కాదు, దానిదే" అంది. పెద్దావిడ మాట కాదనలేక ఆ ఆరింటినీ పెరట్లో ఆ చివర, ఒకప్పుడు గొడ్లను కట్టేసిన పాత గాటిపాటలో వదిలాం. గోవిందమ్మ కింద మెత్తగా ఉంటుందని వేరుశనగ పొట్టు పరిచింది.

తెల్లారేసరికి నల్లపెట్ట కంటి మూల నురుగు కట్టింది. మధ్యాహ్నానికి ఇంకో రెండు తుమ్మాయి. దగ్గరికి పోతే గొంతులో బుడగలు పగిలినట్టు గురగుర వినిపించింది, ఈసారి మాకు కూడా. జబ్బు వస్తే ఇంట్లో ముందు చేసేది పొగ వేయడం కాబట్టి గోవిందమ్మ కుంపటి తెచ్చింది, నేను వేపరెమ్మలు విరిచాను. పొగ బాగా లేచాక గోడకు ఆ పక్క దగ్గు వినపడింది. తరువాత చెప్పుల చప్పుడు. సువార్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మా పెరట్లోకి వచ్చి, తొట్టి దగ్గరి చెంబు తీసుకుని నీళ్లు కుంపట్లో పోసింది. బుస్సుమని బూడిద లేచింది.

"నాకు ఊపిరాడనప్పుడు నా మొగానికి పొగ పెడతావా ఈరన్నా?"

"నీకెందుకు పెడతాం పెద్దమ్మా?"

"మరి దానికెందుకు పెట్టినావ్? అదీ నేనూ... ఒకటే కదప్పా ఇప్పుడు." అక్కడే తొట్టి గట్టు మీద కూర్చుండిపోయింది. గాలి కుదుటపడ్డాక మిల్లు సంగతి చెప్పింది. అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. "ఆదివారం చర్చికి పోతే బాగుండేది. పాటలు కూడా పాడేదాన్ని. సోమవారం మిల్లులో కాలు పెడితే ఎద పట్టేసేది. అందరికీ అంతే. అలవాటు తప్పి పట్టిందిలే, రెండు దినాలకు సర్దుకుంటాది అనుకుంటిమి. దుమ్ము అనుకోలేదు. ఆ పొట్టు తీసెయ్ ముందు, అదీ దుమ్మే. నేల కడుగు. ఆ తడిక తీసి గాలి రానీ."

పొట్టు ఎత్తేశాం, తడిక విప్పేశాం. ఆ సాయంత్రం గోవిందమ్మ తమ్ముడు రాఘవ వచ్చాడు. కోళ్లను చూసి ఒక్కసారి పెదవి విరిచి, "బావా, ఇవి నిలబడవు. రేపు పొద్దున్నే ఆదోని తీసుకుపోయి ఇచ్చేద్దాం. ఇంకా నడుస్తాండాయి గదా, ఎవురూ కనుక్కోరు. అందరూ చేసేదేగా" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. ఊళ్లో కోళ్లకు తెగులు వస్తే మరుసటి రోజు సంతలో గంపలు నిండుతాయి.

నేను మనసులో లెక్క వేశాను. అలవాటు. ఆ లెక్కలో నాకంటే ఎక్కువ మేలు సువార్తమ్మకే కనపడింది. జబ్బు కోళ్లు ఊరు దాటి పోతే ఆమె కోళ్లు బతుకుతాయి. ఉంచుకుంటే, ఛాతీ ఎత్తు గోడ గాలిని ఆపదు. కాకి ఈ పెరట్లో గింజ ముక్కున పట్టుకుని ఆ పెరట్లో వాలుతుంది. అందుకని ఆమెను సంతోషపెడుతున్నానన్న ధీమాతో గోడ దగ్గరికి పోయి, "పెద్దమ్మా, రేపు వీటిని ఆదోనిలో అమ్మేస్తాం. నీకు భయం లేదు" అన్నాను.

ఆమె గింజలు చల్లుతున్న చెయ్యి ఆపింది. "ఎవురికి అమ్ముతావు?"

"ఎవరైనా కొంటారు."

"కొన్నోళ్ల ఇంట్లో కోళ్లుండవా?"

"ఉంటాయేమో. మనకు తెలీదు గదా."

"నాకు తెలుసప్పా." గాలి తీసుకుంది. "ఆడ కూడా ఒక గోడ ఉంటాది. ఆ గోడకు ఆ పక్క ఇంకొకతె ఉంటాది, నా మాదిరి. దాని కోళ్లు సస్తే అది ఎవుర్ని అడగాల?"

రాఘవ వెనక నుంచి "నీ కోళ్లకు అంటుకుంటే నువ్వు ఎవుర్ని అడుగుతావు అవ్వా?" అన్నాడు.

"నిన్నే అడుగుతా. రోజూ మీ ఇంటికొచ్చి అన్నం తింటా. మీ అమ్మ వంట బాగుండదని తెలిసీ తింటా."

రాఘవ నవ్వి బండెక్కి పోయాడు. నేను నవ్వలేకపోయాను. ఆమె నవ్వడం లేదని నాకు కనపడింది. గింజల చేట గోడ మీద పెట్టి తన కోళ్ల వైపు చూసింది. తన కోళ్లకు రాబోయే ముప్పు ఆమెకు నాకంటే బాగా తెలుసు. తెలిసే ఆ మాట అంది.

మరునాడు నల్లపెట్టను చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పెట్టుకుని పెద్దకడుబూరులో పశువుల ఆసుపత్రికి పోయాను. సువార్తమ్మ బండి వెనక ఎక్కి కూర్చుంది, వద్దన్నా దిగలేదు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపిక గలది. ముక్కు చూసింది, రెక్క ఎత్తి చెవి ఆనించి వింది, రెట్ట ఎట్లా ఉందని అడిగింది. "మెడ మెలితిప్పడం లేదు, ఆకుపచ్చ విరేచనం లేదు. కొక్కెర తెగులులా లేదు. ఇది ఊపిరికి పట్టే జబ్బు. ప్రయాణం, దుమ్ము, కొత్త చోటు, మూడూ కలిస్తే బయటపడుతుంది. వేరుగా ఉంచారా?" అంది. ఉంచామని చెబితే సగం పని అయినట్టే అంది. నీళ్లలో కలిపే పొడి ఇచ్చింది. ముందు బాగున్న కోళ్లకు మేత వేసి, జబ్బువాటి దగ్గరికి చివర పోవాలని, వచ్చాక కాళ్లూ చేతులూ కడుక్కోవాలని, తాను చెప్పేదాకా వాటి గుడ్లు తినొద్దని చెప్పింది. తరువాత సువార్తమ్మ వైపు తిరిగి, "మీ వాటిలో ఒకటి తుమ్మినా వెంటనే ఈ మందే పెట్టాలి. దానికి సరిపడా ఇస్తాను. ఎన్ని కోళ్లున్నాయమ్మా?" అని అడిగింది.

సువార్తమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. డాక్టరమ్మ మళ్లీ అడిగింది. సువార్తమ్మ "ఉండాయి" అంది.

ఎన్నో తెలియకపోతే మందు కొలవడం ఎట్లా? నేను గొంతు సవరించుకుని "పంతొమ్మిది పెట్టలు, రెండు పుంజులు మేడం" అన్నాను.

ఆమె నా వైపు తిరిగిన తీరు ఇప్పటికీ కళ్లముందుంది. "గోడ మీద నుంచి... నా కోళ్లను ఎంచుతాండావా? ఎన్నాళ్ల నుంచి?" మధ్యలో ఊపిరి. నేను తప్పించుకోవడానికి చోటు లేదు. "దాంట్లో కూడా తప్పే ఎంచినావు గదా! పెట్టలు ఇరవై. ఒకటి లోపల గుడ్ల మీద కూసోనుంది." అని, తన నోటితో తానే అనేసిన సంగతి తెలిసి, కొంగుతో నోరు మూసుకుంది. డాక్టరమ్మ తల వంచుకుని మందు కొలుస్తూ నవ్వు ఆపుకుంది.

నల్లపెట్ట మాకు దక్కలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రెండో రోజే పోయింది. కాలువలో పారేయనివ్వకుండా లోతుగా గుంత తీయించి సున్నం చల్లించింది సువార్తమ్మ. ఆ తరువాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. యార్డులో తూకం చెబుతుంటే మధ్యలో అంకె మరిచిపోయేవాణ్ని. ఇంటికి రాగానే గాటిపాట దగ్గరికి కాదు, ముందు గోడ దగ్గరికి పోయేవాణ్ని. "తుమ్మినాయా?" అని అడిగితే "లేదు పో, కాళ్లు కడుక్కో" అనేది. పొద్దుగూకేవేళ కోళ్లు సద్దుమణిగాక మేం ముగ్గురం మాటలాపి వినేవాళ్లం. గోవిందమ్మా నేనూ ఈ పక్క, ఆమె గోడకు ఆ పక్క. మొదట్లో ఐదు గొంతుల గురగుర. తరువాత మూడు. ఏదో ఒకటి మళ్లీ మొదలుపెట్టేది. ఎర్రపెట్ట ఒకటి చాలా సతాయించింది.

ఒక సాయంత్రం చాలాసేపు విన్నాం. ఈకలు సర్దుకునే చప్పుడు, గోళ్లు నేలను గీరే చప్పుడు, అంతే. నేను నమ్మలేక వంగి, ఒక్కో కోడి దగ్గరా చెవి పెట్టాను. ఏమీ లేదు. లేచి గోడ వైపు చూశాను. సువార్తమ్మ అప్పటికే నవ్వుతోంది.

"ఈ పొద్దు గురక పెడతాండేది నేనొక్కదాన్నే ఈరన్నా" అంది.

గోవిందమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది, నవ్వుతూనే. మరో వారానికి డాక్టరమ్మ ఫోనులో సరేనన్నాక కొత్తవాటిని పాతవాటితో కలిపాం. గోడకు ఆ పక్క ఇరవై రెండు కోళ్లలో ఏదీ ఒక్కసారి కూడా తుమ్మలేదు. ఇరవయ్యో పెట్ట పిల్లల్ని దించింది. ఎన్ని పిల్లలో నేను అడగలేదు, చూడనూ లేదు.

ఆ ఊపులోనే ఆమెను ఆదోనిలో ఛాతీ డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. "కోళ్లకు పొడి ఇచ్చినారు, నాకు ఊపిరికి పంపు ఇచ్చినారు" అని ఊరంతా చెప్పుకుంది. ఆ పంపు నోట్లో కొట్టుకోవడం మొదలుపెట్టాక ఆమె తిట్లు విడతలు లేకుండా ఒకే దమ్ములో రావడం మొదలైంది, మాకు కష్టాలు పెరిగాయి. తరువాత కొన్నేళ్లు బాగానే తిరిగింది. చివరి రోజుల్లో కోడుమూరు పోయి కూతురి దగ్గర ఉంది, అక్కడే మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో ఒరిగి నిద్రలోనే పోయిందట. ఊపిరి కోసం పెనుగులాడలేదని కూతురు చెప్పినప్పుడు, దుఃఖం కంటే ముందు నాకు కలిగింది ఊరట.

నేనిప్పటికీ లెక్కల మనిషినే. ఏ బేరమైనా నాకెంత, ఎదుటివాడికెంత అని చూస్తాను. ఆ రెండూ సరిపోయాక ఒక్క క్షణం ఆగుతాను. ఈ సరుకు ఇక్కడి నుంచి పోయి ఎవరి ఇంట్లో చేరుతుంది, వాళ్ల పక్కింట్లో ఎవరుంటారు అని ఆలోచిస్తాను. దానికి అంకె దొరకదు, అయినా ఆ చోటు ఖాళీగా వదలను. కొన్నిసార్లు నడుస్తూ నడుస్తూ గుర్తొస్తుంది, ఆ రోజు మేం ఆదోని సంతకు పోలేదు. ఆ పూట అక్కడ గంపల ముందు వంగి, వేరే ఎవరి కోళ్లనో కొని ఇంటికి పోయిన ఆడమనిషి ఒకామె ఉండి ఉంటుంది. ఆమె ఊరు తెలియదు, పేరు తెలియదు. మా నల్లపెట్ట సంగతి ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఆమె కోళ్లు బాగున్నాయి.