మాస్కులు ముందు ల్యాబోళ్ళకే అన్న అనసూయక్క

నిన్న పొద్దున అనసూయక్క కూతురు రమ ఫోన్ చేసి "ఆంటీ, అమ్మ ఇగ లేదు" అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఏ అమ్మ?" అని అడిగాను. అడిగాక వెలిగింది.

మొన్ననే అక్కతో మాట్లాడాను. మోకాళ్ళ నొప్పులు తప్ప బాగానే ఉన్నానంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

సాయంత్రం వాళ్ళ ఊరు పాల్మాకుల వెళ్ళి కడసారి చూసి వచ్చాను. మీద నుంచి విమానం పోతుంటే కాసేపు డప్పు కూడా వినపడలేదు.

ఈరోజు ఏ పనీ చేతకావడం లేదు. అందుకే రాస్తున్నాను.

మీలో చాలామందికి అనసూయక్క తెలియదు. శంషాబాద్‌లో హైవే పక్కన మా పాత హాస్పిటల్‌లో స్టోర్ చూసేది. గ్లోవ్స్, మాస్కులు, ఏప్రాన్లు, బ్లీచింగ్... ఏదైనా ఆమె చేతి మీదుగానే రావాలి.

నేను అక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌ని. పెళ్ళయి తెనాలి నుంచి కొత్తగా వచ్చాను. అప్పటికి ఇక్కడ ఎయిర్‌పోర్ట్ ఊసే లేదు.

మొదట్లో అక్కంటే నాకు కోపం. కొత్త గ్లోవ్స్ అడిగితే చిరిగినవి చూపించమనేది. పిసినారి అనుకున్నాను.

ఆ రోజుల్లో గ్లోవ్స్ ఉతికి, పౌడర్ చల్లి మళ్ళీ వాడేవాళ్ళం. ఆపరేషన్ థియేటర్‌లో వాడేసినవి ల్యాబ్‌కి ఇచ్చేవాళ్ళు.

అక్క ఒక్కోదానిలో నీళ్ళు పోసి పైకెత్తి చూసేది. ఎక్కడైనా చుక్క కారిందా, కత్తెరతో వేళ్ళు కత్తిరించి పడేసేది. మళ్ళీ ఎవరూ ఏరుకుని మాకు ఇవ్వకుండా.

మేనేజర్ గోల పెట్టేవాడు.

"రక్తం ముట్టేది మీరు గాదు గద సార్" అనేది.

తర్వాత తొంభై నాలుగు వచ్చింది. సూరత్‌లో ప్లేగు.

ఆ భయం చూసినవాళ్ళకే తెలుస్తుంది. బస్సుల్లో జనం ముక్కులకు కర్చీఫ్‌లు కట్టుకుని కూర్చునేవారు. షాపుల్లో మాస్కులు మాయమయ్యాయి. స్టాఫ్ అంతా ఇంట్లోవాళ్ళ కోసం స్టోర్ మీద పడ్డారు. మేనేజర్ కూడా తన ఇంటికి పంపమన్నాడు.

"ఉన్నయే గిన్ని. ముందుగాల ల్యాబోళ్ళకు. తెమడ ముట్టేది ఆళ్ళు. మిగిలితే జూస్తం" అని అక్క తాళంచెవి బొడ్లో దోపుకుంది.

నాకు అప్పుడు మూడో నెల. హాస్పిటల్‌లో ఆ సంగతి తెలిసింది అక్కకొక్కదానికే.

ఆ వారంలోనే గుజరాత్ నుంచి గగన్‌పహాడ్‌లోని ఒక గోడౌన్‌కి లోడు తెచ్చిన లారీ డ్రైవర్ మా దగ్గర చేరాడు. కాలిపోయే జ్వరం. దగ్గితే నెత్తురు.

వార్డు ఆయాలు వెళ్ళిపోయారు. ల్యాబ్‌లో నాతో పనిచేసే ఆయన ఆ పొద్దున రానేలేదు. డాక్టర్ గారు తెమడ పరీక్ష రాశారు. చేయాల్సింది నేనే.

అప్పటికి స్టోర్‌లో మాస్కులు అడుగంటాయి. మిగిలినదొకటి నాకు కట్టి, తన ముఖానికి ఉన్నది కూడా విప్పి దాని మీద కట్టింది అక్క. "పో. జల్ది కానియ్యి" అంది.

డ్రైవర్ తెమడ ఉన్న డబ్బా చేతిలోకి తీసుకున్నాను. మూత పగిలి ఉంది. చూసుకోలేదు.

తెమడంతా గ్లోవ్ మీద, టేబుల్ మీద, ఏప్రాన్ మీద పడింది.

పొట్ట వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాను.

"ఏంది పద్మా, గట్ల నిలబడ్డవ్?"

అక్క తలుపు దగ్గర ఉంది. ముఖానికి మాస్క్ లేదు. కొంగు ముక్కుకు చుట్టి ముడేసి లోపలికి వచ్చేసింది.

"చేతులు ముఖానికి తాకనియ్యకు. గట్లనే ఉండు. నేనున్న."

వెనక నుంచి ఏప్రాన్ ముడి విప్పింది. గ్లోవ్స్ లాగి బకెట్‌లో వేసింది. టేబుల్ మీద బ్లీచింగ్ నీళ్ళు గుమ్మరించింది. ఆమె పళ్ళు టకటకా కొట్టుకోవడం నాకు వినపడుతోంది.

డ్రైవర్ దగ్గర మళ్ళీ తెమడ తీసి పరీక్షకు సిటీకి పంపారు. రిపోర్ట్ వచ్చేదాకా ఇంటికి పోవద్దని మా ఇద్దరినీ స్టోర్ రూమ్‌లోనే ఉంచారు. మా ఆయన వస్తే గేటు అవతలే ఉండమని చేయి ఊపాను. అక్క తన కూతురు రమను అసలు తీసుకురావద్దని కబురు పెట్టింది. రమ అప్పుడు చిన్న పిల్ల.

ప్లేగు రాకుండా అందరికీ టెట్రాసైక్లిన్ మాత్రలు ఇచ్చారు. కడుపుతో ఉన్నదానివి, నీకు ఆ మాత్రలు పనికిరావన్నారు డాక్టర్ గారు. నాకు వేరే మందు సిటీ నుంచి రావాలట.

అక్క తన మాత్రలు చేతిలో పట్టుకుని కూర్చుంది.

"నీకు లేంది నాకేంది?"

"పిచ్చా అక్కా? రమకెవరున్నారు?" అని తిట్టి మింగించాను.

ఆమె దగ్గితే నాకు వణుకు. నేను దగ్గితే ఆమెకు.

"నాకు గూడ మస్తు భయమైతుంది పద్మా. జర ఏదన్న మాట్లాడుతుండు, ఆపకు" అంది.

మా తెనాలి కబుర్లన్నీ చెప్పాను. ఏం చెప్పానో నాకే తెలియదు.

చివరికి సిటీ నుంచి రిపోర్ట్ వచ్చింది. ప్లేగు కాదు, టీబీ.

అక్క నేల మీద కూలబడి బిగ్గరగా ఏడ్చేసింది. డ్రైవర్ మందులు వాడి కోలుకున్నాడు. మా ఇద్దరికీ ఏమీ కాలేదు. కానీ బాబు పుట్టి, వాడి ఏడుపు వినేదాకా నా భయం పోలేదు.

మళ్ళీ డ్యూటీలో చేరేసరికి ల్యాబ్‌లో కొత్త అల్మారా. నిండా కొత్త గ్లోవ్స్, మాస్కులు. అన్నీ మావే. తాళాల గుత్తి మేనేజర్ టేబుల్ మీద పెట్టి "ఆళ్ళకు వేరే స్టాక్ తేకుంటే నాతోని గాదు సార్" అని నిలబడిందట అక్క. అతనే దిగి వచ్చాడు.

నిన్న అందరూ ధైర్యవంతురాలు అన్నారు. నాకు తెలుసు, ఆ రోజు ఆమె నాకంటే ఎక్కువ భయపడింది.

అంత భయంతోనే లోపలికి వచ్చింది.

పోయి రా అనసూయక్కా. నీ ప్రాణం ఎక్కడున్నా చల్లగా, నిమ్మళంగా ఉండాలి.