పాకలో పొయ్యి

మా నాన్నగారు అమలాపురం చుట్టుపక్కల సంఘాల్లో పాస్టరుగా చేసి పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో రిటైరయ్యారు. వీడ్కోలు సభలో శాలువా కప్పి, గోడగడియారం చేతికిచ్చి, "ఇక విశ్రాంతి తీసుకోండి అయ్యగారూ" అన్నారు పెద్దలు. "ఆయ్" అన్నారు నాన్నగారు. మర్నాడు తెల్లారేసరికి సైకిలెక్కి ముక్తేశ్వరం వెళ్ళిపోయారు. అక్కడెవరిదో గేదె ఈనలేక అవస్థ పడుతోందట, ప్రార్థన చెయ్యాలట.

అమ్మ పెళ్ళయిన నాటి నుంచీ సంఘం వాళ్ళ ఇళ్ళలోనే కాపురం చేసింది. గోడకి మేకు కొట్టాలన్నా కమిటీని అడగాల్సిన ఇళ్ళు. అందుకే రిటైరయ్యాక కట్టుకున్న రెండు గదుల పెంకుటిల్లంటే ఆవిడకి ప్రాణం. అయితే ప్రతిష్ఠ ప్రార్థన జరగనిదే కొత్తింట్లో పొయ్యి వెలిగించకూడదని అమ్మ పట్టింపు. మేం సామాన్లతో సహా దిగిపోయాం గానీ ప్రార్థన మాత్రం కాలేదు. చేయాల్సిన ఆయనకి తీరికేదీ? అమ్మ పెరట్లో కొబ్బరాకుల పాక వేయించి అందులో వంట మొదలుపెట్టింది.

"ఇంట్లో పడుకుంటున్నాం కదమ్మా, వండితే ఏమవుద్ది?" అన్నాను.

"పడక వేరు, పొయ్యి వేరు" అంది. ఈ వేదాంతం ఏ బైబిల్లో ఉందో నాకిప్పటికీ తెలీదు.

వానలు మొదలయ్యాయి. నేనప్పుడు బడిలో పంతులమ్మని. పొద్దున్నే పొయ్యికి గొడుగు పట్టి, నేను తడిసి బడికి పోయేదాన్ని. ఒళ్ళు మండిపోయేది.

కొత్త పాస్టరుగారిని పిలుద్దామంటే నాన్నగారు చిన్నబుచ్చుకున్నారు. "నేను బతికుండగా నా ఇంటికి ఇంకోళ్ళా? వచ్చేవారం నేనే చేస్తాను" అన్నారు. ఆ వచ్చేవారం ఎప్పటికీ రాదు. గల్ఫు డబ్బుతో ఊరూరా డాబాలు లేస్తున్న రోజులవి. ప్రతి డాబాకీ ఈయనే కావాలి. హిందువులు సైతం చేలో కొత్త మోటారు బిగిస్తే పిలిచేవారు. ఈయన ఆ మోటారు మీద చెయ్యి వేసి, జ్వరమొచ్చిన పిల్లాడికి చేసినట్టే ప్రార్థన చేసి వచ్చేవారు. డాబాల్లో ఇంటాయన మస్కట్లోనో కువైట్లోనో ఉండేవాడు, ప్రార్థనకి ఆడవాళ్ళూ పిల్లలే కూర్చునేవారు. అందుకని ఆ లేని మనిషి కోసం నాన్నగారు చివర్లో ఒక మాట చేర్చారు. చెప్పగా చెప్పగా అది ఆయన నోటికి అతుక్కుపోయింది.

ఒకరోజు వానకి పాక చూరు కూలి అన్నం గిన్నెలో పడింది. అమ్మ కాసేపు ఆ గిన్నెకేసి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. చేతులు కడుక్కుని వీధి చివర రిక్షా అతన్ని పిలిచింది.

"అయ్యగారు పక్కూళ్ళో ఉన్నారు. కొత్తింట్లో ప్రార్థనండీ, ఇంటావిడ రమ్మంటున్నారండీ అని తీసుకురా. ఎవరిల్లని అడిగితే మాత్రం చెప్పకు."

ఆయన అడగనే లేదట. ఎప్పుడడిగారు గనక! సంచి పట్టుకుని రిక్షా ఎక్కి, దారంతా నిద్రపోయారట. మా గుమ్మం ముందు దిగి కళ్ళు నులుముకున్నారు.

"ఇదేంటి, మనిల్లేగా?"

"ఆయ్, మనిల్లే. రండి, ప్రార్థన చెయ్యండి" అంది అమ్మ. అప్పటికే మంచి చీర కట్టుకుని, తల మీద ముసుగేసుకుని సిద్ధంగా ఉంది. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది, తక్కిన ఇంటావిడలు ఇచ్చినట్టే.

నాన్నగారు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశారు. లేచి నిలబడి కళ్ళు మూసుకున్నారు. అక్కణ్ణుంచి అలవాటే ఆయన్ని లాక్కుపోయింది. గోడల్ని దీవించారు, గుమ్మాన్ని దీవించారు, వంటగదిని దీవించారు. అదే ఊపులో,

"దూరదేశంలో ఉన్న ఈ ఇంటి యజమానిని క్షేమంగా ఇంటికి చేర్చు తండ్రీ" అన్నారు.

గుమ్మంలో నిలబడ్డ రిక్షా అతను నా వంక చూశాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఆమెన్" అంది అమ్మ, గట్టిగా.

నాన్నగారు చాలాసేపు కళ్ళు తెరవలేదు. అమ్మ ఆయన చేతిలోంచి సంచి తీసుకుని, ఎవరినీ అడక్కుండా కొట్టించుకున్న మేకుకి తగిలించి, వంటగదిలోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.