ఆగకూడని చప్పుడు

సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో ఆ పాత బంగ్లా పైకప్పును మళ్లీ బాగుచేస్తున్నారు. నిన్న ఆ వీధిన వెళుతుంటే పైనుంచి గచ్చును కొట్టి గట్టిపరిచే దిమ్మిసల చప్పుడు, బెల్లంనీళ్లు కలిసిన తడిసున్నం వాసన. ఖాదర్ మాస్టరు గుర్తుకొచ్చారు.

పోలీసు చర్య జరిగిన ఏడాది, శిథిలమైపోతున్న ఆ బంగ్లాను చదువుల కేంద్రంగా మార్చడానికి పూనుకున్నారాయన. కింద పెద్దవాళ్లకు తెలుగు, ఉర్దూ పాఠాలు; పైగదిలో ఇంటింటికీ తిరిగి సేకరించిన పాత గ్రంథాలు, తాళపత్రాలు. తెలుగు పాఠాలు చెప్పేది నేను. వానలు తెరిపి ఇచ్చినప్పుడు కప్పుకు కొత్త సున్నపు గచ్చు వేయించారు. గచ్చు గట్టిపడేదాకా దిమ్మిసలతో కొడుతూనే ఉండాలి. నడుమ ఆపితే నెర్రెలు విచ్చి, తర్వాతి వానకు గ్రంథాలన్నీ నానిపోతాయి.

పని సగంలో ఉండగా భారత సైన్యం నగరంలోకి వచ్చింది. బజారు మూతపడింది. కూలీలు రాలేదు. మాస్టరు, ఆయన భార్య హుస్సేన్‌బీ, నేను పైకెక్కాం. ఊరంతా నిశ్శబ్దంగా ఉంటే మా చప్పుడొక్కటే వినిపించేది.

మర్నాడు మధ్యాహ్నం గేటు ముందు గుంపు చేరింది. లోపల రజాకార్లు ఆయుధాలు తయారుచేస్తున్నారని పుకారు. ముందు నిలబడ్డవాడు కిరాణా మల్లయ్య, రోజూ మాస్టరుకు నమస్కారం పెట్టేవాడే. చేతిలో కర్ర.

"ఏం కొడ్తున్రు మాస్టర్ సాబ్? నిజం చెప్పున్రి!"

"ఎనక దర్వాజకెల్లి పోదాం సాబ్" అన్నాను.

"పోతే గచ్చెవరు కొడ్తరు? నువ్వు ఆపకు" అని ఆయన దిగివెళ్లి గేటు బార్లా తెరిచారు. "చెప్తే నమ్ముతవా మల్లన్నా? పైకొచ్చి సూడు. జెర చెప్పులు ఇడిసి రా, గచ్చు పచ్చిగుంది."

మల్లయ్య చెప్పులు విడిచాడు గాని కర్ర విడవలేదు. పైకొచ్చి, వంగి, గచ్చును వేలితో నొక్కాడు. తలెత్తకుండా, కొడుతూనే అన్నారు హుస్సేన్‌బీ:

"గంత గట్టిగ నొక్కకు అన్నా, గుంట వడ్తది. కొడ్తానంటే దిమ్మిస గక్కడుంది."

అతను దిమ్మిస ముట్టలేదు. కిందికి పోయి, "గచ్చేరా, నడువున్రి" అన్నాడు. ఎవరో నమ్మక రాయి విసిరారు. గేటు దగ్గరే ఉన్న మాస్టరు నుదురు చిట్లింది. ఆయన కండువాతో అదిమిపట్టుకుని పైకొచ్చారు. మరో చేత్తో దిమ్మిస అందుకున్నారు. గుంపు మెల్లగా చెదిరిపోయింది.

"భయం కాలేదా సాబ్?"

"ఎందుకు కాదు? కానీ వాళ్లు చప్పుడే ఇన్నరు, సూడలేదు గద. మనమే సూపియ్యాలె."

తర్వాత పత్రికల్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఎవరేం విన్నామని చెప్పినా, వెళ్లి చూడందే అక్షరం రాయలేదు. నిన్న కూడా వీధిలో నిలబడి వినడంతో సరిపెట్టుకోలేదు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి పైకెక్కాను.